కంది చేనుకూ ఆ శ్రద్ధ కావాలి

2021 డిసెంబర్ 28న కొవోవాక్స్ టీకాకు మన దేశంలో అత్యవసర వినియోగ అనుమతి వచ్చింది. అమెరికాకు చెందిన నోవావాక్స్ రూపొందించిన ఈ టీకాను ఇక్కడ పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. అప్పటి హడావుడిలో ధర ఎంత, ఎన్ని డోసులు, పిల్లలకు ఎప్పుడు అన్న ప్రశ్నలే వినబడ్డాయి. టీకాలో ఉన్న స్పైక్ ప్రోటీన్ పురుగు కణాల్లో తయారైందన్న సంగతి పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ పురుగు తెలుగు రైతు ఎరిగినదే. 2018లో కర్ణాటకలోని శివమొగ్గలో తొలిసారి బయటపడి, ఆ తర్వాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న చేలలోకి దిగి, సుడిలో దాక్కుని ఆకులను జల్లెడ చేసిన కత్తెర పురుగు. అమెరికా శాస్త్రవేత్తలు 1970లలోనే దాని ప్యూపా అండాశయం నుంచి కణాలు తీసి గాజు పాత్రల్లో పెంచడం నేర్చారు. ఆ కణాల సంతతిలో ఎస్ఎఫ్9 అనే శాఖ ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ల్యాబుల్లో, టీకా ఫ్యాక్టరీల్లో పెరుగుతోంది. ఆ కణాల్లోకి మనకు కావలసిన జన్యువును మోసుకెళ్లి ప్రోటీన్ తయారు చేయించేది బాక్యులోవైరస్.

పేరు కొత్తగా అనిపించినా ఈ వైరస్‌ల కుటుంబం మన పొలాలకు పాత పరిచయమే. కంది, శనగ రైతులు ఎన్.పి.వి. ద్రావణం అంటారే, అది ఇదే. కీటకాలకు, అందులోనూ ఎక్కువగా సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల గొంగళి దశకు సోకే పెద్ద డీఎన్ఏ వైరస్‌లు ఇవి. కరోనా వైరస్ జన్యు రాతలో సుమారు 30 వేల అక్షరాలు ఉంటే, ల్యాబుల్లో ఎక్కువగా వాడే బాక్యులోవైరస్‌లో దాదాపు 1,34,000 ఉంటాయి. జన్యువులు నూట యాభై పైచిలుకు. మనుషుల్లో, పక్షుల్లో, తేనెటీగల్లో ఇది పెరగదు.

ఒకే వైరస్ కుటుంబానికి రెండు చోట్ల రెండు రకాల మర్యాద జరుగుతోంది. టీకా ఫ్యాక్టరీలో ప్రతి మిల్లీలీటరులో ఎంత వైరస్ ఉందో లెక్క కడతారు, ఏ ఉష్ణోగ్రతలో ఉంచారో రాసుకుంటారు, తేడా వస్తే పారబోస్తారు. పొలానికి వెళ్లే సీసాలో వైరస్ అసలు ఉందో లేదో అడిగేవారు కరువు. ఈ తేడా అన్యాయం. దాన్ని సరిచేయడం కష్టమైన పనీ కాదు.

పూత మీదున్న కంది చేలో జబ్బు పడిన శనగపచ్చ పురుగును దగ్గరగా చూస్తే ఈ వైరస్ పనితనం అర్థమవుతుంది. మొదటి రెండు మూడు రోజులు పురుగులో తేడా కనబడదు. తర్వాత మేత తగ్గుతుంది, చర్మం పాలిపోయి నిగనిగలాడుతుంది. పురుగు కొమ్మ చివరికి పాకుతుంది. అక్కడే వెనక కాళ్ల పట్టు మీద తలకిందులుగా వేలాడుతూ చచ్చిపోతుంది. చర్మం తాకితే చాలు, చిట్లి తెల్లటి ద్రవం కింది ఆకుల మీదికి జారుతుంది. ఆ ఆకులు తిన్న పురుగులకు మళ్లీ అదే గతి.

ఇందులో ఏదీ యాదృచ్ఛికం కాదు. ప్రతి అడుగు వెనకా వైరస్ తయారు చేయించిన ఒక ప్రోటీన్ ఉంది. పురుగు పైకి పాకడానికి కారణాన్ని అమెరికాలో కెల్లీ హూవర్ బృందం ఒక అడవి చెట్ల పురుగు మీద పరిశోధించి 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. వైరస్‌లోని ఒక జన్యువు తయారు చేసే ఎంజైము పురుగు కుబుసం విడవడానికి అవసరమైన హార్మోన్‌ను నిర్వీర్యం చేస్తుంది. ఆ జన్యువును తొలగించిన వైరస్ సోకితే పురుగు పైకెక్కి చావడం లేదని తేలింది. చర్మం చిట్లడానికి మరో రెండు ప్రోటీన్లు తోడ్పడతాయి. ఒకటి చర్మంలోని కైటిన్‌ను, రెండోది లోపలి కండను కరిగిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాలీహెడ్రిన్.

పురుగు చచ్చాక వైరస్ ఆరుబయట పడి ఉండాలి. ఎండ, వాన, నేల, కాలం అన్నిటినీ తట్టుకోవాలి. అందుకని కొత్తగా పుట్టిన వైరస్ రేణువులను పాలీహెడ్రిన్ అనే ప్రోటీన్ గట్టి స్ఫటికాల్లో బిగించేస్తుంది. ఈ స్ఫటికాలే పాలీహెడ్రాలు. ఒక్కోటి ఒకటి నుంచి మూడు మైక్రాన్ల వరకూ ఉంటుంది కాబట్టి మామూలు మైక్రోస్కోపులో కూడా మెరిసే గింజల్లా కనబడతాయి. మట్టిలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండగలవు. కానీ ఆకుతో పాటు గొంగళి కడుపులోకి వెళ్లగానే, అక్కడి గాఢమైన క్షారానికి నిమిషాల్లో కరిగి లోపలి వైరస్‌ను వదిలేస్తాయి. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, గొంగళి కడుపులో క్షారం. వైరస్ తాళం ఆ ఒక్క చెవితోనే తెరుచుకుంటుంది.

ఇంత కవచం కావాలంటే సరుకు కూడా ఎక్కువే కావాలి. అందుకే వైరస్ తన జన్యువులను ఒక క్రమంలో నడిపిస్తుంది. కణంలోకి వెళ్లిన తొలి గంటల్లో కణం సొంత యంత్రాంగాన్నే వాడుకుని కొన్ని ప్రోటీన్లు చేయిస్తుంది. అందులో కొన్ని కణం ఆత్మహత్య చేసుకోకుండా అడ్డుపడతాయి. తర్వాత తన సొంత ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ను, అంటే జన్యువులను చదివే ఎంజైమును, సమకూర్చుకుంటుంది. చివరి దశలో, దాదాపు ఒక రోజు గడిచాక, ఆ ఎంజైము పాలీహెడ్రిన్ జన్యువు మీద పడుతుంది. ఆపై రెండు రోజుల పాటు కణం చేసే పనంతా దాదాపు ఈ ఒక్క ప్రోటీన్‌దే. కణంలోని మొత్తం ప్రోటీన్‌లో సగం దాకా ఇదే ఉండొచ్చు.

ఇక్కడే 1980లలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మ్యాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ పట్టుకున్న కీలకం ఉంది. పాలీహెడ్రిన్ అవసరమల్లా బయటి ప్రపంచంలో బతకడానికే. గాజు పాత్రలో ఎండ లేదు, ఆకు లేదు, వాన లేదు. అక్కడ వైరస్ ఒక కణం నుంచి మరో కణానికి కవచం లేని రూపంలోనే వ్యాపిస్తుంది. అలాంటప్పుడు పాలీహెడ్రిన్ జన్యువును తీసేసి, దాన్ని అంత జోరుగా చదివించే ప్రమోటర్ అనే డీఎన్ఏ ముక్కను మాత్రం ఉంచి, దాని పక్కన మనకు కావలసిన జన్యువును పెడితే? వైరస్ బతుకుతుంది, కణం అదే జోరుతో మన ప్రోటీన్ తయారు చేస్తుంది. 1983లో వారు మానవ బీటా ఇంటర్‌ఫెరాన్‌ను ఇలా పురుగు కణాల్లో తయారు చేయించి ప్రచురించారు. మరుసటి ఏడాది ఐడహో విశ్వవిద్యాలయంలో లోయిస్ మిల్లర్ బృందం మరో ప్రోటీన్‌తో ఇదే సాధించింది. 1985లో జపాన్‌లో సుసుము మయేదా బృందం గాజు పాత్ర కూడా లేకుండా, బతికున్న పట్టుపురుగులోనే మానవ ఇంటర్‌ఫెరాన్ చేయించింది. పట్టుపురుగుల్లో తయారైన ఇంటర్‌ఫెరాన్ ఆ తర్వాత పిల్లుల జబ్బులకు మందుగా జపాన్ మార్కెట్లోకి వచ్చింది.

సమ్మర్స్, స్మిత్ 1987లో తమ పద్ధతులన్నీ ఒక మాన్యువల్‌గా రాశారు. దాన్ని ప్రచురించింది టెక్సస్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం. అడిగిన ల్యాబులకు వైరస్‌నూ, కణాలనూ పంచిపెట్టారు. ఈ విద్య అంత వేగంగా ప్రపంచమంతా పాకడానికి ఆ ఉదారత ఒక కారణం. ఈ శాస్త్రం పుట్టింది పంట పురుగుల మీద పనిచేసే ల్యాబుల్లో అన్న మాట మరవకూడదు. పురుగు మందులకు బదులు పురుగు జబ్బును వాడుకోవచ్చా అన్న ప్రశ్న వెంటపడిన వాళ్లు తవ్విన తోవలోనే టీకా పరిశ్రమ ఈ రోజు నడుస్తోంది.

ఆ తోవ చాలా దూరమే వెళ్లింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే సెర్వారిక్స్ టీకా మరో రెక్కల పురుగు కణాల్లో తయారవుతుంది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూబ్లాక్ టీకాకు కోడిగుడ్ల అవసరమే లేకపోయింది. 2007లో బ్రయన్ కోబిల్కా బృందం అడ్రినలిన్‌ను అందుకునే గ్రాహక ప్రోటీన్ ఆకృతిని చూడగలిగింది ఎస్ఎఫ్9 కణాల్లో దాన్ని చేయించుకోవడం వల్లనే. ఆ గ్రాహకాల మీద పరిశోధనకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. హీమోఫీలియా బి రోగానికి 2022లో అమెరికాలో అనుమతి పొందిన హెమ్జెనిక్స్ అనే జన్యు చికిత్సకు కావలసిన వైరస్ రేణువులను కూడా పురుగు కణాల్లో, బాక్యులోవైరస్ సాయంతోనే తయారు చేస్తారు. దాని ధర ఒక్క డోసుకు 35 లక్షల డాలర్లు.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. పాలీహెడ్రిన్ ప్రమోటర్ జోరందుకునే వేళకి కణం చావుకు దగ్గర పడి ఉంటుంది. ప్రోటీన్‌ను మడతపెట్టి, చక్కెర గొలుసులు తగిలించి బయటికి పంపే యంత్రాంగం అప్పటికే అలసిపోతుంది. పైగా పురుగు కణం తగిలించే చక్కెర గొలుసులు మనిషి కణం తగిలించే వాటికన్నా పొట్టివి. కొన్ని మందులకు ఇది అడ్డంకే. ముందు దశలో పనిచేసే ప్రమోటర్లను వాడటం, కణాల్లోనే మార్పులు చేయడం వంటి ఉపాయాలతో నలభై ఏళ్లుగా ఈ లోపాలను ఒక్కొక్కటే సరిచేస్తూ వస్తున్నారు. లోపం కనబడగానే ఫ్యాక్టరీ వైరస్‌ను వదిలేయలేదు. లోపాన్ని పరిశోధించింది.

పొలంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం.

1980ల చివర్లో కోస్తా ఆంధ్ర పత్తి చేలలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్లకు లొంగడం మానేసింది. ఆ నిరోధకత మీద వచ్చిన తొలి అంతర్జాతీయ పరిశోధనా పత్రాల్లో ఒకదాని శీర్షికలోనే ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. 1997-98లో వరంగల్ జిల్లాలో పురుగు పత్తిని ఊడ్చేసింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, ఆ పురుగు మందే తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు చదివిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆ రోజుల్లో ఎన్.పి.వి. మీద ఆశ పుట్టింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు గ్రామాల్లోనే దీన్ని తయారు చేసుకునే పద్ధతిని రైతులకు నేర్పారు. పురుగులను సేకరించి, వైరస్ పూసిన మేత పెట్టి, చర్మం చిట్లకముందే ఏరి, నీళ్లలో రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టడం. సిఫార్సు హెక్టారుకు 250 ఎల్.ఇ. ఒక ఎల్.ఇ. అంటే 600 కోట్ల పాలీహెడ్రాలు. బెల్లం కలిపి, ఎండ దెబ్బ తగలకుండా బట్టలకు వాడే నీలిమందు చేర్చి, సాయంత్రం పూట పిచికారి చేయాలి.

పద్ధతి మంచిదే. కానీ 600 కోట్లు ఉన్నాయో ఆరు కోట్లే ఉన్నాయో కంటికి తెలియదు. రెండు సీసాల్లోనూ కనబడేది మురికి రంగు నీళ్లే. చచ్చి కుళ్లిన పురుగులను రుబ్బితే వైరస్ కంటే బాక్టీరియా ఎక్కువ చేరుతుంది. దక్షిణాది మార్కెట్లో అమ్మే సీసాల్లో కొన్నిటిలో పాలీహెడ్రాల సంఖ్య బాగా తక్కువగా ఉందని శాస్త్రవేత్తలు 1990ల చివర్లోనే రాశారు. అలాంటి సీసా కొన్న రైతు చేలో పురుగు చావదు. మరుసటి ఏడు ఆ రైతు దాని వైపు చూడడు, పక్క రైతునూ చూడనివ్వడు. 2002లో బీటీ పత్తి వచ్చాక పత్తిలో శనగపచ్చ పురుగు బెడద తగ్గింది, దాంతో ఎన్.పి.వి. గురించి మాట్లాడేవారూ తగ్గారు. కందికీ, శనగకీ ఆ రక్షణ లేదు. తాండూరులో కంది, కర్నూలు, ప్రకాశం వైపు శనగ వేసే రైతు ఇప్పటికీ అదే పురుగుతో తంటాలు పడుతున్నాడు, రసాయనాలే కొడుతున్నాడు.

ఎన్.పి.వి.కి సహజమైన పరిమితులు ఉన్నాయి, వాటిని దాచి ప్రచారం చేయడమూ రైతుకు ద్రోహమే. పురుగు చావడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. చిన్న పురుగుల మీద బాగా పనిచేస్తుంది, ముదిరిన పురుగు చచ్చేలోపే కాయ తినేస్తుంది. మధ్యాహ్నం ఎండలో కొడితే వృథా. శనగపచ్చ పురుగు వైరస్ లద్దె పురుగును చంపదు, దానికి వేరే వైరస్ కావాలి. అందుకే చేలో ఏ పురుగు ఏ వయసులో ఉందో చూసి చెప్పే మనిషి లేకుండా దీన్ని అమ్మడం తప్పు.

మరి ఇది పెద్ద ఎత్తున సాధ్యమేనా అన్న అనుమానానికి బ్రెజిల్ జవాబు చెప్పింది. సోయాచిక్కుడు పురుగు మీద అక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా, ఫ్లావియో మోస్కార్డీ నాయకత్వంలో బాక్యులోవైరస్‌ను వాడుకలోకి తెచ్చింది. ఒక దశలో ఏడాదికి పది లక్షల హెక్టార్లకు పైగా దాన్ని చల్లారు. పురుగులను సేకరించడంలో రైతులు పాలుపంచుకున్నారు, పరిశోధన సంస్థ వెన్నుదన్నుగా నిలిచింది. కత్తెర పురుగు మీద కూడా ఇలాంటి వైరస్ మందులు విదేశాల్లో అమ్ముడవుతున్నాయి.

టీకా ఫ్యాక్టరీలో లాగే ఉక్కు తొట్లలో కణాలు పెంచి పొలానికి కావలసిన వైరస్‌ను కూడా తయారు చేయొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ వైరస్ స్వభావమే అడ్డొస్తుంది. గాజు పాత్రల్లో తరం తర్వాత తరం పెంచితే, కవచం అవసరం లేని చోట కవచం చేసుకునే ఓపిక వైరస్‌కు పోతుంది. పాలీహెడ్రాలు తక్కువగా చేసే మార్పు పొందిన వైరస్‌లే పాత్రను ఆక్రమిస్తాయి. అందుకే పొలానికి వాడే వైరస్‌ను ఇప్పటికీ ప్రధానంగా బతికున్న పురుగుల్లోనే పెంచుతారు. ఈ మార్పులకు కారణం వెతుకుతూనే మాల్కం ఫ్రేజర్, అంటే 1983 నాటి ఇంటర్‌ఫెరాన్ పత్రంలో భాగస్వామి అయిన శాస్త్రవేత్త, పురుగు డీఎన్ఏ నుంచి వైరస్‌లోకి గెంతే ఒక జన్యు శకలాన్ని గుర్తించారు. దాని పేరు పిగ్గీబ్యాక్. 2000లో జపాన్ శాస్త్రవేత్తలు దాని సాయంతోనే పట్టుపురుగులో కొత్త జన్యువులు చేర్చారు.

ఆ కథ హిందూపురం దాకా వచ్చింది. పట్టుపురుగులకు సోకే బాక్యులోవైరస్ వల్ల గ్రాసరీ రోగం వస్తుంది. ఒళ్లు ఉబ్బి, పాల లాంటి ద్రవం కారి, గూడు కట్టకముందే పురుగులు చచ్చిపోతాయి. రైతు అప్పటిదాకా వేసిన మల్బరీ ఆకంతా నేలపాలే. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం, హిందూపురంలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థతో కలిసి, వైరస్‌కు ప్రాణాధారమైన పలు జన్యువుల నోరు నొక్కే ఏర్పాటును పట్టుపురుగు జన్యువుల్లోనే చేర్చి, రోగాన్ని తట్టుకునే పురుగులను రూపొందించింది. 2013లో జెనెటిక్స్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. కంది చేలో కావలసిన వైరస్, పట్టు షెడ్డులో అక్కర్లేని వైరస్, రెండింటి గుట్టూ తెలిసిన నైపుణ్యం తెలుగు నేల మీదే ఉందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పరీక్షలంటే రైతులకు పట్టవు అనే మాట తరచూ వినబడుతుంది. రొయ్యల చెరువులు ఆ మాటను ఎప్పుడో కొట్టిపారేశాయి. వెన్నెముక లేని జీవులకు సోకే మరో పెద్ద డీఎన్ఏ వైరస్ తెల్లమచ్చల వైరస్. ఇది బాక్యులోవైరస్‌ల కుటుంబం కాదు, దీని జన్యు రాత ఇంకా పెద్దది, దాదాపు మూడు లక్షల అక్షరాలు. 1994లో తూర్పు తీరంలో దిగి నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా టైగర్ రొయ్యల సాగును కుదిపేసింది. సోకిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో ఖాళీ అయ్యేది. అప్పటి నుంచి సీడ్ వదిలే ముందు పీసీఆర్ పరీక్ష చేయించడం భీమవరం రైతుకు అలవాటైపోయింది. ల్యాబు దగ్గర్లో ఉంది, ఫలితం వెంటనే వస్తుంది, దాని మీద లక్షల పెట్టుబడి ఆధారపడి ఉంది. కంది రైతుకు ఈ మూడింటిలో పెట్టుబడి చిన్నది, మిగతా రెండూ లేవు.

లేకపోవడానికి ఖర్చు కారణం కాదు. పాలీహెడ్రాలు లెక్కపెట్టడానికి పీసీఆర్ యంత్రం కూడా అక్కర్లేదు. మంచి మైక్రోస్కోపు, రక్తకణాలు లెక్కించే గళ్ల గాజు పలక, శిక్షణ పొందిన ఒక బయాలజీ పట్టభద్రురాలు చాలు. ఒక చుక్క పలక మీద వేసి, గళ్లలో మెరిసే గింజలు లెక్కపెట్టి, గుణిస్తే సంఖ్య వస్తుంది. సీసాలోది నిజంగా చంపే వైరస్సేనా అని చూడటానికి మేత మీద రాసి కొన్ని చిన్న పురుగులకు పెట్టి వారం ఆగితే సరి. ఆంధ్రప్రదేశ్‌లో విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు పరీక్షించడానికి నియోజకవర్గ స్థాయిలో వ్యవసాయ పరీక్షా కేంద్రాలు కట్టారు. రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ శాఖకు జీవ నియంత్రణ ప్రయోగశాలలు ఉన్నాయి. ఈ పనిని వాటి విధుల్లో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. సీసా మీద పాలీహెడ్రాల సంఖ్య, తయారీ తేదీ, ఎక్కడ పరీక్షించారో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించాలి. పరీక్షలో ఓడిన బ్యాచ్ వివరాలు రైతు సేవా కేంద్రాల్లో అతికించాలి. సంఖ్య తగ్గిన సీసా అమ్మిన వారి నుంచి రైతుకు డబ్బు వెనక్కి ఇప్పించాలి.

ప్రపంచ టీకాల్లో పెద్ద వాటా తమదేనని చెప్పుకునే జీనోమ్ వ్యాలీ ఉన్న హైదరాబాద్ నగరం నుంచి తాండూరు కంది చేలకు రెండు మూడు గంటల ప్రయాణం. కణంలో వైరస్‌ను లెక్కపెట్టే చేతులు ఆ నగరంలో వేల సంఖ్యలో ఉన్నాయి, ప్రతి ఏటా విశ్వవిద్యాలయాల నుంచి మరిన్ని బయటికి వస్తున్నాయి. వారిలో కొన్ని చేతులను పరీక్షా కేంద్రాలకు రప్పించే జీతం, పోస్టు రెండూ ప్రభుత్వాల చేతిలోనే ఉన్నాయి. కంది పూతకు వచ్చేది అక్టోబర్, నవంబర్‌లలో, శనగపచ్చ పురుగు గుడ్లు పెట్టేదీ అప్పుడే. ఖరీఫ్ విత్తనాల పంపిణీ మొదలయ్యే నాటికే నియామకాలు పూర్తి చేసి, సెప్టెంబర్‌లోగా దుకాణాల్లోని ఎన్.పి.వి. సీసాలన్నిటి నుంచీ నమూనాలు తీయించాలి.